మూగ స్టీరియో, బస్తా మిరపకాయలు

"ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా మీ చేతిలో మిరపకాయ, మీ చెవిలో పాట! ఇది ఉత్త మాట కాదు, కార్యక్రమం!"

ఈ హామీ ఇచ్చింది ఏ పార్టీ వాళ్లూ కాదండీ. నేనే. వినుకొండలో మా ఇంటి మెట్ల మీద నిలబడి, వీధిలోని ఏడుగురు ఆడవాళ్ల ఎదుట, పిడికిలెత్తి మరీ ఇచ్చాను. మాట తప్పిన నాయకుల మీద నేను రాసిన కరపత్రాలు ఇంకా మా వీధి కరెంటు స్తంభాలకు అంటుకునే ఉన్నాయి. అలాంటి నేను మొన్న ఆదివారం చేసిన ఘనకార్యం వినండి. పెదవుల వాపు ఇప్పుడిప్పుడే తగ్గింది కాబట్టి చెప్పగలుగుతున్నాను.

ప్రతి వేసవిలో మా అమ్మ ఏడాదికి సరిపడా కారం కొట్టిస్తుంది. దానికి బస్తా ఎండుమిరపకాయలు తెప్పించి ముందు ముచ్చికలు తీయాలి. అంటే కాయ తలన ఉండే తొడిమని గిల్లి పారేయాలి. ఒక్కో కాయకీ! మా వీధిలో ఈ పనికి కూలి మనుషుల్ని పెట్టుకోరు. ఈ ఆదివారం అందరూ మా ఇంట్లో కూర్చుంటే, పై ఆదివారం అందరూ ఇంకొకరింట్లో. చేతికి చెయ్యి బదులు. ఈ పద్ధతి గురించి నేను ఒక వ్యాసం కూడా రాశాను. పని మాత్రం ఎప్పుడూ చేయలేదు.

ఈసారి చిక్కొచ్చింది. "ఈ మంట ఎవరు పడతారమ్మా, ప్యాకెట్ కారం కొనుక్కుంటే పోలా?" అని కొందరు వెనక్కి లాగారు. మా అమ్మకేమో సోమవారం పొద్దున్నే కారం మిల్లులో వంతు. ఆదివారం సాయంత్రానికి బస్తా ఖాళీ కాకపోతే ఆ వంతు పోతుంది. పైగా ఆలస్యమైతే, ఎండలో పెట్టి తీసిన కాయ మళ్లీ మెత్తబడుతుంది. అమ్మ దిగులుగా బస్తా వైపు చూసింది. పక్కింటి కాశింబీ అత్త నా వైపు చూసింది. ఆవిడ ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. నోరు కూడా కత్తెరే.

"పాటలు పెట్టిస్తే వస్తాం అబ్బాయ్. పొద్దస్తమానం ఊరికే కూర్చోవాలంటే మావల్ల కాదు."

అదిగో, అప్పుడు పుట్టింది నా హామీ.

మా ఇంట్లో ఒక పాత స్టీరియో ఉంది. నాన్న పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసే రోజుల్లో మోజుపడి కొన్న ఆంప్లిఫయరు, దానికి నడుమెత్తు స్పీకర్లు రెండు. మోగిందంటే వీధి చివరిదాకా వినపడుతుంది. దానికి క్యాసెట్లు, రికార్డులు తప్ప మరేమీ తెలియవు. అందుకని అగ్గిపెట్టెంత బ్లూటూత్ రిసీవరు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. దాని వైరు స్టీరియోకి గుచ్చితే, ఫోన్లో పాట గాలిలో వచ్చి స్పీకర్లలో మోగుతుందన్నమాట.

"ముందు ఒకసారి పెట్టి చూసుకోరా," అన్నాడు నాన్న శనివారం.

"చరిత్రకి రిహార్సళ్లు ఉండవు నాన్నా," అన్నాను.

ఆదివారం తొమ్మిదింటికి ఏడుగురూ వచ్చేశారు. హాల్లో పాత చీరలు పరిచి, మధ్యలో కాయలు కుప్ప పోశారు. నేను స్టీరియో ముందు నిలబడి, శ్రమకూ సంగీతానికీ ఉన్న సంబంధం మీద రెండు ముక్కలు మాట్లాడి, వైరు గుచ్చాను. రిసీవర్లో నీలం లైటు మిణుకుమంది. పాట క్యాసెట్ నుంచి రావాలో, రికార్డు నుంచి రావాలో, బయటి వైరు నుంచి రావాలో ఎంచే నాబ్ తిప్పి, దాని మీది ఎర్రగుర్తును సరిగ్గా బయటి వైరు తాలూకు 'ఆక్స్' అన్న అక్షరాలకు ఎదురుగా పెట్టాను. ఫోన్లో వెతికితే ముందు వీధిలో వాళ్ల టీవీలు, ఇయర్‌ఫోన్లు అన్నీ వచ్చాయి, చివరికి మాది దొరికింది.

"కనెక్టెడ్!" అని అరిచాను. పాట నొక్కాను.

నిశ్శబ్దం.

ఫోన్లో పాట నడుస్తోంది. సెకన్లు కదులుతున్నాయి. స్పీకర్లలో చీమ చిటుక్కుమనలేదు. రెండు నిమిషాలు గడిచాయి.

"ఎవరన్నా పోయారా బాబూ? మౌనం పాటిస్తున్నామా?" అంది నాగేంద్రమ్మ పెద్దమ్మ. అందరిలో పెద్దావిడ.

"సాంకేతిక అంతరాయం పెద్దమ్మా. ఒక్క నిమిషం."

వాల్యూం పెంచాను. ఇంకా పెంచాను. చివరిదాకా తిప్పేశాను. ఏమీ లేదు. రిసీవరు బటన్ పది సెకన్లు నొక్కి పట్టి రీసెట్ చేశాను. ఫోను ఆపి పెట్టాను. ఆ పాట కాదని ఇంకో పాట నొక్కాను. పదిన్నరైంది.

"పాట వచ్చేలోపు నాలుగు కాయలన్నా గిల్లరా," అంది అమ్మ.

నిజమే కదా! సంఘీభావంగా కింద కూర్చుని ఓ గుప్పెడు కాయలకు ముచ్చికలు తీశాను. ఫొటో కూడా తీసుకుని 'శ్రమలోనే సౌందర్యం' అని స్టేటస్ పెట్టాను. పెడుతుండగా మెరుపులా ఆలోచన వచ్చింది. పిన్ను! పిన్నుకి మురికి పట్టి ఉంటుంది! లేచి వెళ్లి, వైరు పీకి, పిన్నుని వేళ్లతో గట్టిగా రుద్ది, నోట్లో పెట్టుకుని తడి చేశాను.

మిరపకాయలు గిల్లిన వేళ్లు. ఆ వేళ్లతో రుద్దిన పిన్ను. ఆ పిన్ను నా నోట్లో!

అబ్బో, ఆ మంట! ముందు నాలుక, తర్వాత పెదవులు, తర్వాత చెవులు కూడా. కళ్లలో నీళ్లు కారుతుంటే, తెలివి ఉన్నవాడెవడూ చేయని పని చేశాను. అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాను. ఇల్లంతా కనపడకుండా పోయింది. అమ్మ మజ్జిగ చెంబు నోటికి అందించి, తడిగుడ్డ కళ్లకి అద్దింది.

ఆ చీకట్లోంచి కాశింబీ అత్త గొంతు వినపడింది. "అబ్బాయ్, ఇప్పుడే నీ స్టేటస్ చూశా. సౌందర్యం కనపడుతుందా?"

ఏడుగురూ ఒకటే నవ్వు. కానీ నాకు పౌరుషం వచ్చింది. సమస్య వ్యక్తిది కాదు, వ్యవస్థది! రిసీవరు కంపెనీ వాళ్లకి ఫోన్ కొట్టాను. 'మీ కాల్ మాకెంతో ముఖ్యం' అని ఇరవై నిమిషాలు చెప్పించుకున్నాక ఒక అమ్మాయి పలికింది.

"సర్, వాల్యూం పెంచి చూశారా?"

"ఫుల్లుగా పెంచానండీ!" నోరు మండుతోంది కదా, ప్రతి మాటకీ ముక్కు ఎగబీలుస్తున్నాను.

"మీ స్టీరియో సెలెక్టర్ నాబ్ ఆక్స్ మీద ఉందా సర్?"

"ఉంది! గుర్తు ఎదురుగానే ఉంది! మీ తప్పుని వినియోగదారుడి మీదకి నెడతారా? ప్రశ్నించడం మా హక్కు! జవాబు చెప్పడం మీ బాధ్యత!" అని మళ్లీ ముక్కు ఎగబీల్చాను.

అవతల ఆ అమ్మాయి చాలా మెల్లగా, "సర్... ఏడుస్తున్నారా?" అంది.

"ఏడవట్లేదు! మిరపకాయ!"

"పర్లేదు సర్. మీరు కాస్త స్థిమితపడ్డాక చేయండి," అని పెట్టేసింది.

ఇక లాభం లేదని స్టీరియో వెనక నేల మీద పడుకుని వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చడం మొదలుపెట్టాను. పీకడం, ఫోన్లో ఉన్నది ఏదో ఒకటి నొక్కడం, చెవి స్పీకరుకి ఆనించడం. ఇదే పని. హాల్లో మాత్రం ఇంకో సంగతి జరుగుతోంది. పాట కోసం చూసి చూసి విసుగెత్తిన నాగేంద్రమ్మ పెద్దమ్మ తనే ఒకటి అందుకుంది. మిగతావాళ్లు వంత పాడారు. ఒకరి వదినగారి గొప్పలు, ఇంకొకరి అల్లుడిగారి అలకలు, మధ్యమధ్యలో నా మీద అప్పటికప్పుడు కట్టిన చరణాలు. 'పిన్ను నాకిన బాబు' అని ఒక పల్లవి కూడా తయారైంది. ఆ నవ్వులకి, ఆ పాటలకి చేతులు ఎలా ఆడాయో! కుప్ప తరిగిపోతోంది. చూసే తీరిక నాకు లేదు. నేను వ్యవస్థతో పోరాడుతున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, కాశింబీ అత్త మంచినీళ్లకని లేచి, స్టీరియో దగ్గర ఆగింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నాబ్ వంక చూసింది.

"ఇదేంది, బొట్టుని చూసి తిప్పావా?"

"బొట్టేంటి అత్తా? అది గుర్తు."

"గుర్తు కాదు, కుంకుమ. మా మిషన్ చక్రానికైతే సన్న గీత ఉంటది, దాన్ని అంకెకి ఎదురు పెట్టాలి. దీనికీ ఉండాలే..." అని పైట కొంగుతో నాబ్ చుట్టూ తుడిచింది. నల్లగా మాసిపోయిన గీత ఒకటి బయటపడింది. సరిగ్గా అవతలి వైపు! నేను పొద్దుట్నుంచీ నాబ్‌ని గ్రామఫోన్ రికార్డుల వైపు పెట్టి స్టీరియోని ఫోన్లో పాట పాడమంటున్నాను.

ఆ బొట్టు సంగతి మీకు చెప్పాలి. నాన్న దసరాకి ఇంట్లో ఉన్న ప్రతి మిషన్‌కీ బొట్టు పెడతాడు. ఏళ్ల తరబడి బొట్టు మీద బొట్టు పడి, అది ఎనామిల్ పెయింటులా గట్టిపడింది. 'యంత్రానికి బొట్టేంటి, ఇది మూఢనమ్మకం' అని ప్రతి దసరాకీ నాన్నతో గంటసేపు వాదిస్తాను. ఆ మూఢనమ్మకాన్నే నమ్ముకుని నాలుగు గంటలు కూర్చున్న భక్తుడు మా వీధిలో నేనొక్కణ్ణే!

నేను నోరు తెరిచేలోపు అత్త నాబ్ తిప్పేసింది.

వాల్యూం చివరిదాకా ఉందని చెప్పాను కదా. ఫోన్లో ఏది పడితే అది నొక్కానని కూడా చెప్పాను. అప్పుడు నడుస్తున్నది పాట కాదు. లైబ్రరీ సభ కోసం నేను ప్రాక్టీసు చేసి రికార్డు చేసుకున్న ఉపన్యాసం! కిటికీ అద్దాలు అదిరాయి. గోడ మీద కాకులు లేచిపోయాయి. నా గొంతు వినుకొండ మీద విరుచుకుపడింది:

"అమ్మలారా! అక్కలారా! ఈ ఇళ్లలో మగవాళ్లు ఒక్క మిరపకాయకైనా ముచ్చిక తీసిన పాపాన పోయారా? సిగ్గుపడాలి!"

నాన్న పేపరు చేతిలో పట్టుకుని బయట్నుంచి పరిగెత్తుకొచ్చాడు. "ఎవర్రా తిడుతున్నది?"

"మిమ్మల్నే! మీ అబ్బాయే!" అంది అమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

నేను వాల్యూం తగ్గించేసరికి హాల్లో ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. వాళ్ల మధ్యలో కుప్ప లేదు. ఒకవైపు గిల్లిన కాయలు కళకళలాడుతూ బస్తాలో ఉన్నాయి, ఇంకోవైపు ముచ్చికలు చేటలో. సాయంత్రం దాకా పడుతుందనుకున్న పని భోజనాల వేళకే అయిపోయింది. అమ్మ ముఖంలో దిగులు లేదు, మిల్లు వంతుకి ఢోకా లేదు.

"సభ బాగా జరిగింది బాబూ," అంది నాగేంద్రమ్మ పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఇంతకీ నువ్వెన్ని గిల్లావు?"

లెక్క చెప్పాను. ఒక గుప్పెడు. అందులో సగం ఫొటో కోసం.

అక్కడికక్కడే తీర్పు వచ్చింది. వచ్చే ఆదివారం కాశింబీ అత్త వాళ్ల బస్తా. నేను పొద్దున తొమ్మిదికి వెళ్లి ఆఖరి కాయ దాకా కూర్చోవాలి. పెట్టె వద్దు, వైరు వద్దు, ఉపన్యాసం అసలే వద్దు. పాటల సంగతి వాళ్లు చూసుకుంటారు.

ఒప్పుకున్నాను. మొదటిసారి శ్రామికుణ్ణి అవుతున్నాను కదా, శ్రామికుడి హక్కులు కూడా గుర్తొచ్చాయి. ఆ సాయంత్రమే తెల్లకాగితం మీద వినతిపత్రం రాసి అత్తకి ఇచ్చొచ్చాను: ముచ్చికలు తీసేవారి చేతులకు తొడుగులు ఇవ్వాలి! నలభై ఏళ్లుగా ఒట్టి చేతులతో గిల్లుతున్న ఆ ఏడుగురూ దాన్ని ఇంటింటికీ తిప్పి చదివించుకుని, ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారట. నవ్వనీండి. అత్త తొడుగులు ఇవ్వనన్నా నేను వెళ్లి కూర్చుంటాననుకోండి, అమ్మ ఎలాగూ వదలదు. కానీ ఉద్యమానికి ఒక పద్ధతి ఉంటుంది. తొడుగులు ఇస్తారా, ఇవ్వరా? శనివారం సాయంత్రం ఐదు గంటల్లోపు జవాబు రావాల్సిందే.