పాస్‌వర్డుకో కోపం

రిపోర్టులక్కకు ముక్కు మీదే కోపం. ల్యాబ్‌లో అందరూ పొద్దున్నే ఆవిడ మొహం చూసి, ఈ పూట ఎవరి వంతో అంచనా వేసుకునేవారు. కాకపోతే ఆవిడది పాలపొంగు. తాగిన టీ గ్లాసు కింద పెట్టేలోపు అంతా చల్లారిపోయి, తాను తిట్టినవాళ్ల భుజం మీదే చెయ్యేసి "తిన్నావా?" అని అడుగుతుంది. ఇది మంచి గుణమేనని మీరూ నేనూ అనుకోవచ్చు గానీ, దీనివల్ల ఆవిడ పడిన పాట్లు ఆ ల్యాబ్ కంప్యూటర్లనడిగితే తెలుస్తాయి.

రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేసి, సరిచూసి, కౌంటర్‌కి పంపడం ఆవిడ పని. పని సులువే, పనిలోకి దిగడమే కష్టం. శాంపిళ్ల వివరాలకు ఒక పాస్‌వర్డు, రిపోర్టు తెరవడానికి ఇంకొకటి, హాజరుకు మరొకటి, సెలవు అడగడానికి వేరొకటి. చేతులు కడుక్కుని వచ్చేలోపు తెర నల్లబడి, నువ్వెవరివని మళ్లీ మొదటినుంచి అడుగుతుంది. "పొద్దుట్నుంచీ నీ ఎదురుగానే కూర్చున్నా కదే, ఇంతలోనే మర్చిపోయావా?" అని ఆవిడ దాన్ని నిలదీస్తుంది. ఇంటికెళితే కరెంటు బిల్లుకు, గ్యాసుకు, బ్యాంకుకు అదే తంతు. పైగా నెల తిరిగేసరికి పాతది చెల్లదు, కొత్తది పెట్టమంటాయి.

కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ ఆయన కొన్నేళ్ల కిందట ఒకసారి సలహా ఇచ్చాడు. "ఎక్కడా రాసిపెట్టకండి మేడమ్. మీకొక్కరికే తెలిసింది, జన్మలో మర్చిపోలేనిది పెట్టుకోండి."

జన్మలో మర్చిపోలేనిది ఏమిటా అని ఆవిడ తీరిగ్గా ఆలోచించింది. మనసు నొప్పించినవాళ్లను మించి ఎవరు గుర్తుంటారు? ఆ రోజునుంచి ఎక్కడ పాస్‌వర్డు అడిగినా, ఆ పూట ఎవరి మీద ఎందుకు కోపమొచ్చిందో అదే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేసేది. టీ చల్లగా ఇచ్చాడు. ఫ్యాన్ బాగుచేయించలేదు. మా ఆయన తడి తువ్వాలు మంచం మీద పడేశారు. మొదట పెద్దక్షరం, చివర ఒకటో అంకె, ఒక ఆశ్చర్యార్థకం ఎప్పుడూ ఉండేవే. మారేది కోపం ఒక్కటే.

చిక్కేమిటంటే, కోపంతోపాటే పాస్‌వర్డూ ఎగిరిపోయేది. అప్పుడు ఊరందరి సాయం కావలసి వచ్చేది.

"పోయినవారం ఎవర్ని తిట్టానే?" అని రక్తం తీసే అమ్మాయిని అడిగేది.

"నన్నే అక్కా. ట్యూబు మీద లేబులు వంకరగా అంటించానని."

"అయ్యో, నిన్నా? బంగారంలాంటి పిల్లవి, నిన్నెందుకు తిట్టానే?" అంటూనే అది టైపు చేసి లోపలికి వెళ్లిపోయేది. ఇంట్లో ఆవిడ భర్త పరిస్థితీ అంతే. గ్యాసు బుక్ చేయాలంటే ఆ పెద్దమనిషి వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ నెలలో తాను చేసిన నేరాలన్నీ వరసగా ఒప్పుకోవాలి. సగం నేరాలు ఆవిడకు అప్పుడే తెలిసేవి.

ఇలా రోజులు నవ్వులాటగా గడుస్తుండగా, ఆవిడ ఫోన్ ల్యాబ్ సింకులో పడి చచ్చిపోయింది. కొత్త ఫోన్ మెయిల్ పాస్‌వర్డు అడిగింది. ఇన్నేళ్లూ పాత ఫోన్‌లో దానంతటదే తెరుచుకునే మెయిల్ కాబట్టి, దానికో పాస్‌వర్డు ఉందన్న సంగతే ఆవిడ మర్చిపోయింది. సరిగ్గా అప్పుడే సెక్షన్ ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. ఆవిడ ఎప్పట్నుంచో కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్న పోస్టు. దరఖాస్తు లింకు ఆ మెయిల్‌కే వచ్చింది, ఆ సాయంత్రంలోపే పంపాలి. వేరే మెయిల్‌కు పంపమంటే పై ఆఫీసువాళ్లు కుదరదన్నారు. మెయిల్‌వాళ్లేమో కోడ్ పంపుతామన్నారు, ఆవిడ ఎప్పుడో వదిలేసిన పాత నంబరుకు.

సిస్టమ్స్ ఆయన చేతులెత్తేశాడు. "ఇంకో రెండుసార్లు తప్పు కొడితే రేపటిదాకా తెరుచుకోదు మేడమ్. అది పెట్టిన రోజు ఎవరి మీద కోపంగా ఉన్నారో గుర్తుచేసుకోండి."

ఎవరి మీదో ఆవిడకు గుర్తుంది. తల్లి పోయాక తన చేతుల్లో పెరిగిన చెల్లెలి మీద. ఆన్‌లైన్ పనులన్నీ అంతవరకూ చెల్లెలే చేసిపెట్టేది. ఆ రోజు పోట్లాడుకుని అది వెళ్లిపోగానే, "నువ్వు లేకపోతే నాకు గడవదా?" అని పంతానికి పోయి ఈవిడ సొంతంగా మెయిల్ తెరుచుకుంది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఆవిడ జన్మలో నిలబడిన కోపం అదొక్కటే. తీరా ఇప్పుడు వెతుక్కుంటే మాటలు మానేసిన సంగతే గుర్తుంది గానీ, ఎందుకు మానేసిందో గుర్తులేదు.

సంగతి విన్న భర్త ఫోన్‌లో, "దాన్నే అడుగు. మనం దేనికి పోట్లాడుకున్నామే అని" అన్నాడు.

"సిగ్గులేకుండా అలా ఎలా అడుగుతానండీ?"

"పోస్టు కావాలా, పౌరుషం కావాలా?"

ఆవిడ ఆయన మీద మండిపడి ఫోన్ పెట్టేసింది. కాసేపు ప్రింటర్‌లో కాగితాలు సర్దింది. సర్దవలసిన పని లేదు. చివరికి చెల్లెలి నంబరు నొక్కింది. ఆ నంబరు మాత్రం చూడకుండానే వచ్చింది.

"అక్కా?" అంది చెల్లెలు. "ఏమైంది? బావగారు బాగానే ఉన్నారా?"

"ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నారు. నేనొకటి అడగాలి, నవ్వకు. ఆ రోజు నువ్వు నన్నేమన్నావు?"

"నీకు గుర్తులేదా?"

"గుర్తుంటే నిన్నెందుకు అడుగుతానే?"

"పెంచినంత మాత్రాన అమ్మవైపోవు అన్నాను," అని చెల్లెలు ఏడ్చేసింది. "అది తలుచుకోని రోజు లేదక్కా. ఫోన్ చేద్దామంటే మొహం చెల్లలేదు."

అక్క కుర్చీని కంప్యూటర్ ముందుకు లాక్కుంది. ఇంత మాట ఎలా మర్చిపోయానా అనుకుంటూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, అదే మాట టైపు చేసింది. కంప్యూటర్ తప్పంది.

"అది కాదే. ఇంకేమన్నావు?"

"ఇంకేమీ అనలేదు."

"పోనీ నేనేమన్నాను?"

"నువ్వూ ఏమీ అనలేదు. బయట వాన పడుతోంది. నేను చెప్పులేసుకుంటుంటే, గొడుగు పట్టుకెళ్లవే అన్నావు. నేను వినిపించుకోకుండా దిగిపోయాను. నువ్వు మెట్లదాకా గొడుగు పట్టుకుని వచ్చావు."

ఆవిడ వేళ్లు వాటంతటవే కదిలాయి. గొడుగు పట్టుకెళ్లలేదు. మొదట పెద్దక్షరం, చివర ఒకటి, ఆశ్చర్యార్థకం. మెయిల్ తెరుచుకుంది.

"వచ్చేసింది మేడమ్!" అన్నాడు సిస్టమ్స్ ఆయన. ఆవిడకు తెర మసగ్గా కనిపిస్తోంది. ముక్కు ఎగబీలుస్తూ, లింకు వెతికి, దరఖాస్తు నింపడం మొదలుపెట్టింది.

"తెరుచుకుందా అక్కా? ఏం పెట్టావు?"

"నీకెందుకు? ముందు ఇది చెప్పు. ఆ రోజు తడిసి జ్వరం తెచ్చుకున్నావా, లేదా?"

"తెచ్చుకున్నాను."

"నాకు తెలుసు!" అని ఆవిడ అరిచిన అరుపుకు కౌంటర్ దగ్గరివాళ్లు కూడా తలలెత్తి చూశారు.