సెనావి తల్లివడ్లు

సరవాక్‌లోని మా ఏటిగట్టున ఇబాన్ తెగ కుటుంబాలవారం ఒకే పొడుగింట, వేర్వేరు గదులలో కాపురముంటాము. ప్రతి గదికీ తల్లివడ్లు ఉంటాయి. పూర్వుల నుండి సంక్రమించిన ఆ విత్తనాన్ని చేను నడుమ విత్తాలి. పరాయి గదికి ఇవ్వరాదు. అది నశిస్తే ఆ గది వరికి ప్రాణం పోయినట్లే. సెనావి భర్త, పొడుగింటి పెద్ద అయిన తన అన్న ఉంగ్గాట్ గది నుండి వేరుపడిననాడు వాటాగా తెచ్చుకున్న తల్లివడ్లను, భర్త మరణానంతరం సెనావియే కాపాడుతూ వచ్చింది.

తెల్లవారుజామున కృత్తికలు నడినెత్తికి వచ్చినప్పుడు విత్తడం మా ఆచారం. ఎగువ కొండపై అడవి ఉన్నంతకాలం మధ్యాహ్నానికి అక్కడ మబ్బు కమ్మేది; విత్తిన కొద్దిరోజులకే వాన కురిసేది. అడవిని నరికి పామాయిల్ తోటలు వేసిన తరువాత కొండపై మబ్బు నిలవడం మానింది. ఒక ఏడు సెనావి ఆచారం ప్రకారమే విత్తగా, గింజలు గుంటలలోనే మాడాయి. కొన్నింటిని చీమలు మోసుకుపోయాయి. బుట్టలో దోసెడు మిగిలాయి.

మరుసటి ఏడు కృత్తికలు వచ్చినా ఆమె గుంటలు పొడిచి విత్తే కర్ర పట్టలేదు.

"ఏమ్మా, వానొచ్చి నీ తలుపు తడుతుందా?" అని ఉంగ్గాట్ వరండాలో అందరూ వినేలా అడిగాడు.

"తడితేనే లేస్తా బావగారూ. ఉన్నది దోసెడు."

"మన తాతలు పిచ్చోళ్లనా?"

"వాళ్లకి అడవుండేది. మనకేముంది?"

ఉంగ్గాట్ ఆచారం ప్రకారమే తన తల్లివడ్లన్నీ విత్తాడు. వాన చాలా ఆలస్యంగా వచ్చింది. అతని చేను మొలవలేదు. వాన పడ్డాక విత్తిన సెనావి గింజలు మొలిచాయి. అయితే పూత వేళకు జడివానలు పట్టి వెన్నులు సగం తాలుపోయాయి. దక్కినది చిన్న బుట్టెడు. విత్తనానికే తప్ప తిండికి చాలదు.

ఒక సాయంకాలం ఉంగ్గాట్ ఖాళీ బుట్టతో వచ్చి ఆమె గుమ్మంలో కూర్చున్నాడు.

"కృత్తికల్నే అడగలేకపోయారా బావగారూ?"

"అడిగా. నీ గది చూపించాయి."

సెనావి నవ్వింది. "పరాయి గదికి ఇవ్వకూడదుగా మరి?"

"పరాయిదెట్లా అయిందమ్మా? ఇవి మా గదిలోంచి వచ్చినవేగా."

"మళ్లీ పొడినేల్లో పొయ్యనని చెప్పండి. అప్పుడు మూత తీస్తా."

పొడుగింటి పెద్ద మాట ఇస్తే అది అన్ని గదులకూ వర్తిస్తుంది. వరండాలోని వారు చాపలు అల్లడం ఆపి చూశారు. ఉంగ్గాట్ ఖాళీ బుట్టను ఆమె ముందుకు జరిపాడు.

"సరేనమ్మా. తడిసిన నేల్లోనే."

ఆమె సగం వడ్లు అతని బుట్టలో పోసింది. ఆ ఏడు రెండు గదులవారూ అంగడి బియ్యమే తిన్నారు.