అక్క చుట్టిన తీగచుట్ట

మా అక్క ఏడో తరగతితో బడి మానేసి, మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్లుండే జోడ్‌భావి పేట్‌లోని మా ఇంట్లో బీడీలు చుట్టేది. నేను పదో తరగతిలో సైన్సు ప్రదర్శనకు పేరిచ్చాను. తీగచుట్టలో అయస్కాంతాన్ని ఆడిస్తే కరెంటు పుడుతుందని చూపించాలి. అశోక్ చౌక్‌లో మోటార్లు బాగుచేసే దుకాణం నుంచి నాన్న సన్నని రాగి తీగ తెచ్చాడు. నేను చుట్టబోతే చిక్కులు పడింది, రెండుసార్లు తెగింది కూడా.

అక్క బీడీల చాట పక్కకు జరిపి, నా చేతిలోని ప్లాస్టిక్ గొట్టం ముక్క తీసుకుంది. చిన్నప్పటి నుంచి నాన్న మగ్గానికి కండెలు చుట్టిన చెయ్యి ఆమెది. పోగు పక్కన పోగులా తీగ ఒద్దికగా పడింది. రెండు మధ్యాహ్నాలు పట్టింది. కొసల మీద పూత గీకితేనే కరెంటు పారుతుందని కూడా ఆమే చెప్పింది. నాన్నతో వెళ్లినప్పుడు ఆ దుకాణంలో చూసిందట. కరెంటును చూపే మీటరు బడిలోనే ఉండేది కాబట్టి ఇంట్లో పరీక్షించలేకపోయాం. ప్రదర్శన రోజు వచ్చి చూస్తానంది.

సబ్బుతో చేతులు కడుక్కుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. అయస్కాంతం లోపలికి పోతే మీటరు ముల్లు ఒకవైపు, బయటికొస్తే మరోవైపు కదిలింది. ఆపితే సున్నా దగ్గర నిలిచింది. అక్క చాలాసేపు చూసింది.

"లోపల ఊకె పెడితే ఏం రాదా? కదిలిస్తెనే వస్తదా?"

అవునన్నాను.

"ఒక్కసారి నేను ఆడిస్త, ఇయ్యి," అని చెయ్యి చాచింది.

అప్పుడే మా టీచరు అతిథులను వెంటబెట్టుకుని వచ్చారు. తీగ ఇంత నీటుగా ఎవరు చుట్టారని మరాఠీలో అడిగారు. నేనే అన్నాను. అక్క చాచిన చేతిని కొంగు చాటుకు తీసుకుంది. నాకు మొదటి బహుమతి వచ్చింది. ఇంటికి వస్తూ, ముల్లు మంచిగా కదిలిందని మాత్రం అంది.

మరుసటి ఏడు ఆమెకు పెళ్లయి భివండీ వెళ్లిపోయింది. నేను సైన్సు టీచర్నయ్యాను. ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ అక్క మీద బెంగ పుట్టేది. ఫోను చేసి పిల్లల సంగతులు మాట్లాడి పెట్టేసేదాన్ని.

నిరుడు ఆమెకు ఊపిరితిత్తుల జబ్బని తెలిసి వెళ్లాను. మంచం పక్కన కూర్చుని, ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను.

"ఆ మాట నాకు యాదికి లేదు చెల్లె. ఆ మ్యాగ్నెట్ పట్టుకోవాలని మాత్రం శాన ఉండె."

వచ్చే ఆదివారం అన్నీ తెస్తానని మాటిచ్చాను. బడిలో అడిగి మీటరు, తీగచుట్ట, అయస్కాంతం సంచిలో సర్దుకున్నాను. శుక్రవారం పొద్దున బావ ఫోను చేశాడు.

ఆమె ఆడిస్తే ముల్లు ఎటు కదిలేదో నాకు తెలుసు. అయినా చూడాలని ఉంది.