బావ ఇచ్చిన పేరు

విమానం దిగి కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడే ఆ దేశంలో నాకు మొదటిసారి చెయ్యి లేపాలనిపించింది. అద్దాల గదిలో కూర్చున్న ఆఫీసరు మా బావ ఎడమ చేతిని వేలిముద్రల మిషను మీద పెట్టమన్నాడు. బావ పెట్టాడు. చిటికెన వేలూ ఉంగరపు వేలూ సగం వంగి ఉండిపోయి అద్దానికి ఆనలేదు. మిషను కూసింది. ఆఫీసరు ఏదో కసిరి, గదిలోంచి చెయ్యి చాచి, ఆ రెండు వేళ్ళనూ తన అరచేత్తో బలంగా అణిచాడు. కటుక్కుమన్న చప్పుడు నాకు వినబడింది. బావ ముఖం తెల్లబోయింది గానీ, "చాపుకోవు సార్, అవి చాపుకోవు" అని తెలుగులోనే నవ్వుతూ చెప్పాడు. నేను ముందుకు ఉరకబోతుంటే కాలితో నా కాలు తొక్కిపట్టాడు.

"రేయ్ బామ్మర్దీ, దిగి పది నిమిషాలు గాలేదు, అప్పుడే తన్నులాటా? నోరు మూసుకోని నిలబడు" అన్నాడు.

నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. నెల్లూరు సముద్రపు ఒడ్డున మా పాళెంలో ఎవరినడిగినా ఆ మాటే చెప్తారు. కానీ ఆ రోజు నా కోపం ఆఫీసరు మీద మాత్రమే కాదు. ఆ రెండు వేళ్ళు అట్లా కావడానికి కారణం నేనే.

బావంటే మా అక్క మొగుడు. ఐటీఐ చేసిన వెల్డరు. పోర్టు దగ్గర ఒక షెడ్డులో పనిచేసేవాడు. ఆ షెడ్డు మూతపడింది. మిగతా మగవాళ్ళలాగా సముద్రంలోకి పోదామంటే ఆ చేత్తో వల లాగలేడు. ఆ వేళ్ళు అటు చాపుకోవు, ఇటు ముడుచుకోవు. వెల్డింగుకు మాత్రం కుడి చెయ్యి చాలు. నేను డీజిల్ మెకానిక్కుని, పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. ఇద్దరం రెండు నెలల విజిట్ వీసా మీద వెళ్ళాం. అక్కడ దిగాక పని వెతుక్కునే వీసాకు అప్లై చేసుకోవచ్చు. చదువు కాగితాలు, పని చేసినట్టు కాగితాలు, మన మీద కేసులేవీ లేవని మన దేశం ఇచ్చే పోలీసు సర్టిఫికెట్టు, ఈ మూడూ పెట్టాలి. ఆ వీసా వస్తే ఇంకో నాలుగు నెలలుండి పని చూసుకోవచ్చు. రాకపోతే రెండు నెలలు తిరిగేలోపు విమానం ఎక్కాలి. నాకది ఒక అవకాశం. బావకు మాత్రం అదొక్కటే దారి.

టైపింగ్ సెంటర్లో పోలీసు సర్టిఫికెట్టుకు మా ఫారాలు నింపిన భాయ్ హిందీలో అడిగాడు. "కేసులేమైనా ఉన్నాయా?"

బావ ఛాతీ విరుచుకుని, "మాకేం కేసుల్లేవు భాయ్" అన్నాడు.

బావ అబద్ధం చెప్పలేదు. నిజంగానే లేదనుకున్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను. అయినా ఆ మాట వినగానే నేను బావ ఎడమ చేతి వైపు చూశాను.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. పొద్దున ఏడు గంటలకు మా పడవ వల వేసి ఉంది. పక్క పాళెం పడవ ఒకటి మా వల మీదుగా వచ్చింది. రెండు వలలూ చిక్కు పడ్డాయి. ఓపిగ్గా విడదీసుకుంటే పోయేది. వాళ్ళు కత్తి తీసి మా వలను పరపరా కోసేశారు. మేం పడవను వాళ్ళ పడవకేసి కొట్టాం. ఐసు ముక్కలు, ఇనుప లంగరు, చేతికి ఏది దొరికితే అది విసురుకున్నాం. అట్లా తిట్టుకుంటూ కొట్టుకుంటూ రెండు పడవలూ మా ఒడ్డుకే చేరాయి. అప్పటికే రెండు పాళేల మనుషులూ కర్రలతో వచ్చి ఉన్నారు.

ఆ ఒడ్డున జరిగినదాన్ని కొట్లాట అంటే చాలదు. మనుషులు మనుషుల్ని ఇసకలో పడేసి తొక్కారు. ఒకడి చెవి సగం తెగి వేలాడుతుంటే దాన్ని చేత్తో పట్టుకుని మళ్ళీ కలబడ్డాడు. నా నోట్లో రక్తం ఉప్పుగా ఉంది. అది నాదో ఇంకొకరిదో తెలియదు. నాకప్పుడు సంతోషంగా కూడా ఉంది. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్నాను. రెండు చేతులా తెడ్డు పట్టుకుని ఒకడి నెత్తిన కొట్టాను. వాడు నా వైపు తిరిగి లేడు. కిందపడిన వాళ్ళ నాన్నను చంకల కింద చేతులేసి లేపుతున్నాడు. వెనక నుంచి కొట్టాను. పచ్చి కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది. వాడు వాళ్ళ నాన్న మీదే పడిపోయాడు. బతికాడు, కానీ ఇప్పటికీ మాట తడబడుతుంది.

మధ్యాహ్నానికి పోలీసులు వస్తున్నారని కబురొచ్చింది. మా పాళేల్లో ఒక పద్ధతి ఉంది. ఇట్లాంటి గొడవ జరిగితే ఎవరు కొట్టారని పోలీసులు వెతకరు. మా పెద్దలే కూర్చుని, పడవకొక పేరు చొప్పున రాసిస్తారు. కొట్టినవాడూ కొట్టనివాడూ అని లేదు. ఇచ్చిన పేరు ఇచ్చినట్టే. ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదని పెద్దలు కట్టడి చేస్తారు. దాన్ని మేం దురాయి అంటాం. దురాయి దాటితే ఊళ్ళో నిప్పు కూడా ఇవ్వరు.

పెద్దకాపు, అంటే మా పాళేనికంతా పెద్ద, మా పడవ ముందు నిలబడి, "ఈ పడవకు ఎవురి పేరు?" అన్నాడు.

పడవలో బావతో కలిపి నలుగురం. అందరికీ తెలుసు, ఆ దెబ్బ నాదని. పది రోజుల్లో నాకు డిప్లొమా ఆఖరి పరీక్షలున్నాయి. ఊళ్ళో ప్రతి గొడవలోనూ ముందుండే నా నోరు ఆ రోజు పెగల్లేదు. కాళ్ళకంటిన తడి ఇసకను చూస్తూ నిలబడ్డాను. ఛీ, ఎంత సేపు చూశానో! బావకు మా అక్కతో పెళ్ళై మూడు నెలలే. వాడు చేతులు దులుపుకుని ముందుకొచ్చాడు.

"నాది రాసుకో పెద్దయ్యా" అన్నాడు. నన్ను దాటి పోతూ, "పరీక్ష బాగా రాయి అబయా" అని భుజం తట్టాడు.

పోలీసులు నాలుగు రోజులు స్టేషన్లో ఉంచుకున్నారు. ఎడమ చేతిని బల్ల మీద పరిచి లాఠీ మొనతో వేలు తర్వాత వేలు కొట్టారట. మూడో వేలి దగ్గర ఎవరో పిలిస్తే ఆపి వెళ్ళారట. ఇంటికొచ్చిన రోజు మా అక్క ఆ చెయ్యి చూసి బావనేమీ అనలేదు. నేరుగా నా దగ్గరికొచ్చి చెంప పగలగొట్టింది. నేను పరీక్షలు రాశాను. ఫస్టు క్లాసు వచ్చింది.

నాలుగు నెలల తర్వాత రెండు పాళేల పెద్దలూ కూర్చున్నారు. గంగమ్మ ముందు కర్పూరం వెలిగించి రాజీ చేసుకున్నారు. ఒకే పందిట్లో కూర్చుని అన్నాలు తిన్నాం. నేను కొట్టిన మనిషి తలకు కట్టుతోనే నా ఎదుటి వరసలో కూర్చున్నాడు. కేసు తెగిపోయిందని పెద్దకాపు గట్టిగా చెప్పాడు. మా అందరికీ ఆ మాటే కోర్టు తీర్పు. బావ పాస్‌పోర్టు గొడవకు ముందు ఏడాదే తీసుకున్నాడు. అందుకే ఆ కేసు సంగతి మాకెక్కడా అడ్డు తగల్లేదు.

ఆ దేశంలో ఉన్న మన కాన్సులేటు ఆఫీసులో పోలీసు సర్టిఫికెట్టుకు అప్లై చేశాం. నాది ముప్ఫయ్యో రోజున వచ్చింది. నున్నగా, తెల్లగా, నా మీద ఏమీ లేదని. బావకు సర్టిఫికెట్టు రాలేదు. దాని బదులు ఒక కాగితం వచ్చింది. బావకు ఇంగ్లీషు చదవడం అంతంత మాత్రమే.

"ఏముందిరా? నాది లేటా?" అన్నాడు.

నేనే చదివి చెప్పాలి. కేసు కోర్టులో ఇంకా నడుస్తూ ఉందని, హాజరు కానందుకు వారంటు ఉందని చదివాను. బావ నవ్వాడు. "ఎవురిదో నాకు పంపినారు. సరిగ్గా చూడు" అన్నాడు. సరిగ్గానే చూశాను. పేరూ ఇంటిపేరూ తండ్రి పేరూ అన్నీ వాడివే.

అక్కడే మెట్ల మీద కూర్చుని పెద్దకాపుకు ఫోన్ చేశాను.

"పెద్దయ్యా, బావ మీద కేసు ఇంకా ఉండాదంట!"

"ఏ కేసు? అది యాడుంది? గంగమ్మ ముందర తెగ్గొట్టేసినాం గదా. కలిసి కూడు గూడా తింటిమే."

"కోర్టులో ఎవురు చెప్పినారు ఆ సంగతి?"

"కోర్టుకు చెప్పేదేంది? మనమూ మనమూ మాట్లాడుకున్నాం. నడమ కోర్టు నుంచి ఏందో కాగితం వచ్చింది. అయిపోయినదానికి మళ్ళా కాగితమేందని మడిచి చూరులో దోపినా."

"చూరులో దోపినావా?"

"పోయినవారం గూడా చూసినా. భద్రంగానే ఉండాది లేరా."

ఫోన్ ఎత్తి గోడకేసి కొట్టాను. అది మూడు ముక్కలైంది. పక్కనుంచి పోతున్న ఎవడో నవ్వితే వాడి కాలరు పట్టుకున్నాను. బావ మధ్యలో దూరి, ఆ మనిషికి దండం పెట్టి, నన్ను మెడ పట్టి రూముకు లాక్కెళ్ళాడు.

రూములో మిగతా వాళ్ళు పనికి పోయి ఉన్నారు. నేను చెప్పేశాను. "బావా, రేపు ఆ ఆఫీసుకు పోయి రాసిస్తా. కొట్టింది నేనని. నీకేం సంబంధం లేదని."

మాట పూర్తి కాలేదు. బావ కుడి చేత్తో కొట్టిన దెబ్బకు నా పెదవి పళ్ళ మీద చిట్లింది. నేనూ ఊరుకోలేదు. డొక్కలో గుద్దాను. ఇద్దరం ఇనుప మంచానికి తగిలి కింద పడ్డాం. ఆ మంచంతో పాటు మీద ఉన్న పెట్టెలూ గిన్నెలూ పడ్డాయి. బావ నా ఛాతీ మీదికెక్కి రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. ఎడమ చేతి వైపు పట్టు లేదు. ఆ వైపు నుంచే నాకు ఊపిరాడింది.

"నువ్వు చెప్తే నా పేరు పోతాదంట్రా ఆడ? పోదు! నీది గూడా ఎక్కతాది. ఇద్దరం పోతాం. ఎనిమిదేళ్ళు మోసింది దేనికిరా? నువ్వు గూడా వచ్చి నా పక్కన నిలబడేదానికా?"

"నీకు నామీద కోపం లేదా బావా?"

"లేదా? ఎవురు చెప్పినారు లేదని? పడవ తొయ్యడానికి పోయి చెయ్యి జారినప్పుడల్లా నిన్ను చంపాలనిపిస్తాది. మీ అక్క నా చేతిలోంచి అన్నం గిన్నె జారితే చూడనట్టు మొహం తిప్పుకుంటాదే, అప్పుడు గూడా."

"చంపు మరి."

"చంపితే ఎనిమిదేళ్ళూ దండగయిపోతాయి గదరా ఎదవా" అని నా మీదే తల వాల్చి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నా పెదవి రక్తం వాడి చొక్కాకు అంటింది. సాయంత్రం ఆ చొక్కా వాడే ఉతుక్కున్నాడు.

పని వెతుక్కునే వీసాకు నేను అప్లై చేసే రోజూ బావ తిరుగు ప్రయాణం రోజూ ఒకటే అయ్యాయి. బ్యాగు భుజానికి తగిలించుకుని నాతోనే వచ్చాడు. నేను రానంటే బస్సులోకి మెడ పట్టి తోశాడు. ఊరికి పోగానే వారంటు మీద కోర్టుకు పోవాలి, అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. టైపింగ్ భాయ్ నా ఫారం చదువుతూ టిక్కులు పెట్టాడు.

"కేసులు?"

"లేవు."

"ఎవరినైనా ఎప్పుడైనా తీవ్రంగా గాయపరిచారా?" అని అడిగి, వాచి ఉన్న నా పెదవి కేసి చూశాడు.

నా నోరు మళ్ళీ పెగల్లేదు. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా అదే నోరు. వెనక నుంచి బావ అందుకున్నాడు. "వాడా? చీమక్కూడా హాని చెయ్యడు భాయ్. లేదని కొట్టు."

భాయ్ లేదని కొట్టాడు. అచ్చయిన కాగితం కింద నేను సంతకం పెట్టాను.

వేలిముద్రల గదిలోకి అప్లై చేసేవాళ్ళను మాత్రమే పంపుతారు. గాజు తలుపు దగ్గర బావ నా ఫైలు నా చేతికిచ్చి, భుజం తట్టి, "వేళ్ళు సరిగ్గా పెట్టు అబయా" అన్నాడు.

లోపల అమ్మాయి నా చేతులు మిషను మీద పెట్టమంది. కుడి చేతి నాలుగు వేళ్ళు, ఎడమ చేతి నాలుగు, తర్వాత రెండు బొటనవేళ్ళు. తెడ్డు పట్టిన చేతులే. మిషను ఒక్కసారి కూడా కూయలేదు. అన్నీ మొదటిసారికే వచ్చాయని ఆ అమ్మాయి మెచ్చుకుంది. నేను వెనక్కి తిరిగి చూశాను. గాజు తలుపుకు అవతల బావ, ఎలా జరిగిందని అడుగుతూ, ఆ ఎడమ చెయ్యే పైకెత్తి ఊపుతున్నాడు.