నాటకం మధ్యలో సన్మానం

జురాంగ్ ఈస్ట్‌లో మా ఫ్లాట్ బయట కొరియర్ అతను వదిలి వెళ్ళిన అట్టపెట్టె ఒకటి మొన్న మధ్యాహ్నం జల్లు కొట్టి తడిసి ముద్దయింది. లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టగానే తడి అట్ట వాసన, దాని వెనకే కాస్త జిగురు వాసన గుప్పుమన్నాయి. అందులో ఉన్నది కొత్త మిక్సీ జారు. దాన్ని తీసి చూసుకోవడం మానేసి, పెట్టె అంచు దగ్గర ముక్కు పెట్టి అలాగే నిలబడిపోయాను. మా ఆయన చూసి, "ఏమైంది, జారు పగిలిందా?" అన్నాడు. పగల్లేదు. చిన్నప్పుడు నేను ఫైలు వేషం వేసిన రోజున నా ఒంటి నిండా ఉన్న వాసన అది.

ఫైలు వేషమేమిటని మా ఆయన కూడా అడిగాడు కాబట్టి చెబుతాను. నా చిన్నతనంలో సింగపూర్ తెలుగువాళ్ళు ప్రతి ఉగాదికీ ఒక కమ్యూనిటీ హాలు తీసుకుని నాటకం వేసేవారు. ఆ ఏడాది వేసింది 'పైఅధికారి పట్టాభిషేకం'. అది ఆఫీసుల మీద ఎప్పుడో రాసిన పాత సంగీత ప్రహసనం. పౌరాణిక నాటకంలో రాజుగారి కొలువు ఎలా ఉంటుందో అందులో ఆఫీసు అలా ఉంటుంది. సింహాసనం బదులు తిరిగే కుర్చీ, మంత్రుల బదులు గుమాస్తాలు, రాజుగారి బదులు రాగం తీస్తూ ప్రవేశించే మేనేజరు. పిల్లలమందరం ఫైళ్ళం. ఫ్రిజ్జులూ టీవీలూ వచ్చిన పెట్టెల్ని విప్పి, గోధుమరంగు పూసి, రంగూ జిగురూ పూర్తిగా ఆరకుండానే ముందొక అట్టా వెనకొక అట్టా తగిలించి, నడుముకి ఎర్ర రిబ్బను బిగించి కట్టేవారు. "కదలము కదలము, పైనుంచి మాట రానిదే కదలము" అని పాడుతూ కదలకుండా నిలబడటమే మా నాట్యం. పిల్లలకి అంతకంటే కష్టమైన నాట్యం ఇంకోటి ఉండదు.

ఋతువులు లేని ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఉగాది చెట్ల మీద కనిపించదు. సెరంగూన్ రోడ్డు దుకాణాల ముందు వేపపువ్వు చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో వేలాడినప్పుడు, అమ్మ పచ్చిమామిడి కాయని గోటితో గిల్లి వాసన చూసి పుల్లదనం తేల్చుకున్నప్పుడు, మా ఫ్లాట్‌లో హార్మోనియం మోగడం మొదలైనప్పుడు మాకు ఉగాది వచ్చేది. రిహార్సళ్ళు హౌగాంగ్‌లో అప్పటి మా ఇంట్లోనే జరిగేవి. హార్మోనియం వాయించే గోవిందయ్య తాతయ్య వాళ్ళ నాన్న కాలం నుంచీ ఇక్కడే ఉన్నవాడు. ఆయన తెలుగులో తమిళమూ మలయూ కలిసిపోయి ఉండేవి. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "ఏవమ్మా, మకాన్ ఏవుంది ఇవాళ?" అని తిండి సంగతి అడిగేవాడు. అమ్మ పెద్ద పళ్ళెం నిండా వేడి వేడి మిరపకాయ బజ్జీలు తెచ్చి మధ్యలో పెట్టేది. గుమాస్తాలు పద్యం సగంలో ఆపి బజ్జీల మీద పడేవారు. దర్శకుడు శేషగిరి అంకుల్ తెనాలిలో చదువుకునే రోజుల్లో ఇదే నాటకం ఆడినవాడు కాబట్టి ప్రతి పద్యం అంతా ఆయన నోట్లోనే ఉండేది, బజ్జీ నోట్లో ఉన్నా సరే.

అందరూ మా ఇంటికే రావడానికి కారణం అమ్మ చేతి బజ్జీలొకటే కాదు, మా హాల్లో సామాను లేకపోవడం కూడా. మడిచి గోడకి ఆనించే బల్ల, మడిచే కుర్చీలు, చుట్టి మూల నిలబెట్టే చాపలు, అంతే. నాన్నది ఇక్కడ ఉద్యోగపు పాస్. రెండేళ్ళకోసారి దాన్ని పొడిగించాలి. పొడిగించకపోతే సర్దుకుని వెళ్ళిపోవాలి. నా బడి, నా స్నేహితులు, కింద బ్లాకు అడుగున ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో మేం ఆడుకునే చల్లటి సిమెంటు గచ్చు, అన్నీ ఆ పాస్‌కి కట్టేసి ఉండేవి. వెళ్ళేటప్పుడు మొయ్యలేని వస్తువేదీ అమ్మ కొననిచ్చేది కాదు. పక్కింటి చైనీస్ ఆంటీ పాత సోఫా ఊరికే ఇస్తానన్నా వద్దంది.

ఆ ఏడాది పాస్ గడువు ఉగాది దాటగానే ముగుస్తుంది. పొడిగించమని ప్రభుత్వాన్ని కంపెనీ అడగాలి. కంపెనీ అడగాలంటే నాన్న మేనేజరు మూర్తిగారు సరేననాలి. మూర్తిగారు మావాడే, తెలుగువాడే. నాన్న వెళ్ళి అడిగినప్పుడల్లా ఆయన కళ్ళజోడు తీసి, టై కొసతో నెమ్మదిగా తుడిచి, అద్దాలు దీపానికి అడ్డంగా పట్టి చూసి, మళ్ళీ పెట్టుకుని "చూద్దాం" అనేవారట. నాన్న ఇంటికొచ్చి అమ్మతో ఆ మాటే చెప్పేవాడు. ఆ రాత్రి అమ్మ చేసే కూరలో ఉప్పు తప్పకుండా ఎక్కువయ్యేది.

నాటకంలో మేనేజరు వేషం మా నాన్నదే. మొదట్లో ఆయన అందరు మేనేజర్లలాగే కేకలు వేస్తూ చేశాడు. శేషగిరి అంకుల్‌కి నచ్చలేదు. "అరుపులు కాదయ్యా ప్రసాదూ. నీ ఆఫీసులో నీకు చెమటలు పట్టించేవాడు ఒకడుంటాడుగా, వాణ్ణి చెయ్యి" అన్నాడు. నాన్న కళ్ళజోడు తీసి, వేషానికి కట్టుకున్న టై కొసతో తుడవడం మొదలుపెట్టాడు. సెలవు అడగడానికొచ్చిన గుమాస్తా పద్యం పాడుతూనే ఉన్నాడు, నాన్న తుడుస్తూనే ఉన్నాడు. చివరికి అద్దాలు ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టి చూసి, "చూద్దాం" అన్నాడు. గోవిందయ్య తాతయ్య నవ్వీ నవ్వీ హార్మోనియం మీద వాలిపోయాడు. వంటింట్లో అమ్మ నవ్వు కూడా వినిపించింది. నాన్న ఆఫీసువాళ్ళెవరూ ఆ నాటకంలో లేరు, ఇక భయమేమిటి? అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ తుడవడం ఇంకాస్త సాగుతూ పోయింది. ఫైళ్ళమందరం వాయిడ్ డెక్‌లో పౌడరు డబ్బా మూతలు తుడుచుకుంటూ అదే ఆట ఆడుకునేవాళ్ళం.

నాటకం ఇంకో వారం ఉందనగా సంఘం కార్యదర్శి సంతోషంగా ఫోన్ చేశాడు. ఆ ఏడాది ఉగాది భోజనాలు పెట్టిస్తున్న పెద్దమనిషి దొరికాడట, ఆయన్నే ముఖ్య అతిథిగా పిలిచారట. ఆ పెద్దమనిషి మూర్తిగారే. నాన్న ఫోన్ పెట్టేసి చాప మీద కూలబడ్డాడు. వేషం మానేస్తానని నాన్న అంటే, ఇంత దగ్గరికొచ్చాక ఇంకొకణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తానని శేషగిరి అంకుల్ నెత్తి బాదుకున్నాడు. చివరికి కళ్ళజోడు తుడిచే సంగతి తీసేద్దామని ఒప్పందం కుదిరింది. "నీ ఇష్టం. ఉప్పులేని పప్పవుతుంది" అని వెళ్ళిపోయాడాయన.

ఉగాది రోజున హాలంతా మల్లెపూలూ పులిహోర పోపూ కలిసిన వాసన. పొద్దున్నే తిన్న పచ్చడిలో వేపపువ్వు చేదు ఇంకా నాలిక మీద ఉండగానే మాకు అట్టలు తగిలించారు. తెర సందులోంచి చూస్తే ముందు వరసలో మూర్తిగారు సూటూ టైతో కనిపించారు. మొదటి రంగం చప్పగా నడిచింది. నాన్న గొంతు ఆయనకే వినిపించనంత నెమ్మదిగా ఉంది. వెనక వరసల్లో జనం టీ కోసం లేవడం మొదలుపెట్టారు. రెండో రంగంలో గుమాస్తా సెలవు పద్యం ఎత్తుకున్నాడు. నాన్న చెయ్యి అన్ని వారాల అలవాటుతో, ఆయన్ని అడగకుండానే, కళ్ళజోడు మీదికి వెళ్ళింది. తీశాడు, తుడిచాడు, దీపానికి పట్టి చూశాడు. హాలు గొల్లుమంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే అందరికంటే ఎక్కువగా నవ్వుతున్నది మూర్తిగారు, పొట్ట పట్టుకుని మరీ. తన్ని తాను గుర్తు పట్టలేదాయన. మూడో రంగంలో గుమాస్తాలంతా కలిసి మేనేజరుకి శాలువా కప్పి, అబద్ధాల పొగడ్తలు పాడి, కుర్చీలో పట్టాభిషేకం చేశారు. ఇక ఒక్క రంగం దాటితే గండం గడిచినట్టే.

అయితే మా సంఘానికి ఒక ఆనవాయితీ ఉంది. ముఖ్య అతిథి సన్మానం నాటకానికి ముందు పెడితే జనం ఇంకా రారు, తర్వాత పెడితే భోజనాలకి పరిగెడతారు. అందుకని హాలు నిండుగా ఉన్నప్పుడు, నాటకం మధ్యలో పెట్టేవారు. ఆ రోజు అతిథిగారికి విమానం టైమైపోతోందని కార్యదర్శికి గాభరా పుట్టింది. తెర దించకుండా, మమ్మల్ని కదలనివ్వకుండా, మైకు తీసుకుని నేరుగా వేదిక ఎక్కేశాడు. మూర్తిగారిని పిలిచాడు. వేదిక మీద కుర్చీ ఒకటే, నాన్న కూర్చున్న తిరిగే కుర్చీ. నాన్న లేచాడు. మూర్తిగారు అందులో కూర్చున్నారు. శాలువా కప్పారు. "ఆశ్రితజన కల్పవృక్షం, అపర దానకర్ణులు" అంటూ కార్యదర్శి ఎత్తుకున్నాడు. రెండు నిమిషాల క్రితం గుమాస్తాలు పాడినవి కూడా సరిగ్గా అవే మాటలు. ఇదీ నాటకంలో భాగమే అనుకున్నారు జనం. కిసుక్కున మొదలైన నవ్వు వెనక వరసల దాకా పాకింది. "వన్స్ మోర్!" అని ఎవరో అరిచారు. నా పక్క ఫైలు నవ్వు ఆపుకోలేక ఊగుతుంటే, "డోన్ట్ పుష్ లా!" అని దాని పక్క ఫైలు సింగపూర్ ఇంగ్లీషులో గట్టిగానే కసిరింది.

మూర్తిగారికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఆయనేం చేస్తారో అదే చేశారు. కళ్ళజోడు తీసి, టై కొసతో తుడవడం మొదలుపెట్టారు.

హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. మూర్తిగారు అద్దాలు దీపం వైపు ఎత్తబోయి సగంలో ఆగిపోయారు. చేతిలో కళ్ళజోడు వైపు చూశారు. పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ మా నాన్న వైపు చూశారు. నవ్వు ఒక్కొక్క వరసే ఆగిపోయింది. జనంలో అమ్మ కోసం వెతికాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అయిపోయింది, రేపు సామాను సర్దుకోవడమే అనుకున్నాను.

"నేను ఇలా తుడుస్తానా, ప్రసాద్?" అన్నారు మూర్తిగారు. మైకు ఆయన ముందే ఉండటంతో అందరికీ వినపడింది.

"అవునండీ" అన్నాడు నాన్న.

"మా ఆవిడ పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ మాటే అంటోందయ్యా. నేనే నమ్మలేదు" అని మూర్తిగారు ముందు వరసలో ఉన్న భార్య వైపు చూశారు. ఆవిడ రెండు చేతులూ జోడించి మా నాన్నకి దణ్ణం పెట్టింది. ఈసారి నవ్వులో మూర్తిగారు కూడా కలిశారు. కార్యదర్శి విమానం సంగతి గుర్తు చేస్తే, "చూద్దాం" అన్నారు. ఆ ఒక్క మాటకి గోవిందయ్య తాతయ్య హార్మోనియం మీద ముక్తాయింపు వాయించాడు. మూర్తిగారు విమానం వదులుకుని నాటకం చివరిదాకా కూర్చుని ఆ తర్వాతే ఇంటికి వెళ్ళారు.

నవ్వినవాడు మర్నాడు పొద్దున్న కూడా నవ్వుతూనే ఉంటాడని ఏముంది? సోమవారం నాన్న ఇడ్లీ ముట్టకుండా ఆఫీసుకి వెళ్ళాడు. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ వంటింటి గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నాన్న ఫోన్ చేశాడట. మూర్తిగారు లోపలికి పిలిచి, నాటకం బాగుందని మెచ్చుకుని, ఆ మాటా ఈ మాటా చెప్పి, చివర్లో అన్నారట: "నీ పాస్ పొడిగింపు కాగితాలు పోయిన నెలే పంపించేశానయ్యా. నీకు చెప్పలేదూ?"

"చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా ఆయనకి!" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, అట్ట జిగురు ఇంకా వదలని నా జుట్టు నిమిరింది. ఎంత తేలిక పడిందో ఆ మనిషి! ఆ శనివారం పక్కింటి ఆంటీ పాత సోఫా మా హాల్లోకి వచ్చింది.

ఇప్పుడా హాలు లేదు. దాని స్థానంలో అద్దాల భవనం లేచింది. శేషగిరి అంకుల్ లేడు, గోవిందయ్య తాతయ్య లేడు. ఆ పద్యాలు మొత్తం వచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరైనా మిగిలారో లేదో నాకు తెలియదు. ఉగాది కార్యక్రమాలు ఇప్పుడూ జరుగుతాయి, రికార్డు చేసిన పాటకి పిల్లలు చక్కగా నాట్యం చేస్తారు, సన్మానాలు ఏ టైముకో ఆ టైముకే జరిగిపోతాయి. ఎవరూ వన్స్ మోర్ అని అరవరు. ఇవన్నీ పోయాయని నాకు నిజంగానే బెంగ. పోయినవాటిలో ఒకదాని కోసం మాత్రం ఎన్నడూ వెతుక్కోలేదు. అది ఎప్పుడు పోయిందో కూడా తెలియదు, పోయిందని మాత్రం మొన్న ఆదివారమే తెలిసింది.

అమ్మా నాన్నా భోజనానికి వచ్చారు. గుత్తివంకాయ కలుపుకుంటూ ఉండగా నా ఫోన్ మోగింది. చూస్తే మా మేనేజరు. ఆదివారమైనా సరే, ఒకప్పుడు మూర్తిగారి ఫోనుకి నాన్న భయపడి లేచినట్టే, ఎంగిలి చేత్తోనే సగం లేచాను. నాన్న పళ్ళెంలోంచి తల కూడా ఎత్తలేదు.

"కూర్చోవే. తిన్నాక మాట్లాడొచ్చు" అన్నాడు.

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. నాన్న నా పళ్ళెంలో ఇంకో వంకాయ వేశాడు.