తడి కొంగు

మధ్యాన్నం అన్నం తిని వసారాలో చాప మీద ఒరిగితే, నిద్ర పట్టీ పట్టకముందే నాకు ఆ శబ్దం వినపడతాది. ఆవు నీళ్లు తాగే శబ్దం. గుటక, గుటక, మధ్యలో ముక్కుతో ఒక పెద్ద ఊపిరి, మళ్లీ గుటక. కళ్లు మూసుకొనే వింటాను. వేపచెట్టు నీడ నా కాళ్ల దాకా వచ్చి ఆగి ఉంటాది. నేను మేలుకొని ఉండానో కలలో ఉండానో నాకే తెలీదు. కొట్టంలో తాగేది నల్లావు. కలలో తాగేది మాత్రం ఎప్పుడూ ఎర్రావే.

మాది తిరుచానూరు దాటినాక వచ్చే పల్లె. మా ఆయన గుడి కాడ యాత్రికులకు ఆటో తోల్తాడు. ఆవుల పని నాదీ, మా అత్తదీ. అత్తంటే పరాయిదేం కాదు, మా నాయన తోడబుట్టిందే. అందుకే మా ఇద్దరి మధ్య మర్యాదలు తక్కువ, వాదులాటలు ఎక్కువ.

అప్పట్లో మా ఎర్రావు తాగేదంటే కుడితే. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, అన్నీ నాలుగిళ్లోళ్లు మా కోసం కుండల్లో పోసి పెట్టేవాళ్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయి తెచ్చి, తవుడు కలిపి పెట్టేదాన్ని. ఆ రెండు పూటలే. నడుమ వట్టి నీళ్ల బకెట్టు ఎత్తితే అత్త యాడున్నా పరిగెత్తుకొని వచ్చేది. "నీళ్లు తాగిన ఆవు నీళ్లే పిండుతాది మే! పల్చటి పాలు తీసుకొని పోతే పాలకేంద్రంలో నీ మొహం చూసి వెన్న శాతం వేస్తారా?"

అత్తంటే పాతకాలం మనిషి. పదో తరగతి దాకా చదివినదాన్ని, నేనూ నమ్మినాను. థూ, నా చదువు తగలెయ్య!

ఎర్రావుకు నేనంటే ప్రాణమని నా నమ్మకం. మధ్యాన్నం గుడ్డలుతికి, తడిసిన కొంగుతో కొట్టం పక్కగా వస్తే చాలు, మెడ సాచి కొంగు నోట్లోకి లాక్కొని చప్పరించేది. నాకెంత మురిపెమో! దాని గంగడోలు నిమురుతా అట్లే నిలబడిపోయేదాన్ని. ఎండ, ఆ తడి, దాని వెచ్చటి ఊపిరి, ఒళ్లంతా మత్తుగా ఉండేది. "చూడత్తా, బిడ్డ మాదిరి ఎట్ల పట్టుకొనిందో" అంటే, "ఆ, నీ చీర చిరిగినాక తెలుస్తాది ప్రేమ" అనేది. అత్త దగ్గర దాని ఆటలు సాగేవి కాదు.

పాలు తగ్గినాయి. దాణా పెంచినాం. ఇంకా తగ్గినాయి, ఇంకో మూట తెచ్చినాం. ఆఖరికి అది వట్టిపోయే రకమని తేల్చి అమ్మేసినాం. మా చెల్లెల్ని ఇచ్చిన ఊరు సత్యవేడు దగ్గర. వాళ్ల ఎదురింటామెకే బేరం కుదిరింది. ఆ తర్వాత నల్లావును తెచ్చుకున్నాం. రెండో ఎండాకాలానికి దానిదీ అదే కథ.

మా ఆయన తేల్చి చెప్పేసినాడు. "ఇంక చాలు. శనివారం సంతకు తోలేస్తా. నువ్వు కంపెనీ బస్సెక్కు."

సూళ్లూరుపేట దిక్కు కంపెనీలకు మా ఊరి ఆడోళ్లు చానామంది పోతారు. తప్పేం లేదు. కానీ నాకు ఆ పని వద్దు. పేడ వాసన, పాలనురగ, ఈ వేపనీడ, ఇదే నా బతుకు. నల్లావు పోతే ఈ ఇంట్లో నాది అనేది ఏమీ ఉండదని ఏడ్చినాను. ఎవరికి చెప్పుకునేది?

ఆ వారంలోనే మా చెల్లెలింట గృహప్రవేశం. పోయినాను. ఎదురింటి దొడ్లో ఎర్రావు. పలుపు లేదు, మెడకు తాడు లేదు, కంప కట్టిన దొడ్లో కానుగచెట్టు కింద దాని ఇష్టానికి అది నిలబడి ఉండాది. ఒళ్లు నిగనిగలాడతా ఉండాది. పొదుగు కడవంత ఉండాది.

"ఏం పెడతా ఉండావక్కా దీనికి?"

"ఏం పెట్టేది మా? మేతకు చెనిక్కాయ కట్టె, చెరుకు ఆకు. దాణా మీ అంత గూడా పెట్టను. తొట్టిలో నీళ్లు మాత్రం ఎండనీను. ఎంత తాగతాదో తెలుసా, దేవుడా!"

"పాలు పల్చబడవా?"

ఆమె పకపకా నవ్వింది. "తాగకుంటే పాలు యాణ్నుంచి వస్తాయి మా, గాల్లోంచా?"

నేను కొళాయి కింద కొంగు తడిపి ఎర్రావు ముందుకు చాపినాను. అది వాసన చూసింది. నా చేతి మీద వెచ్చగా ఊపిరి వదిలింది. తర్వాత నిదానంగా తిరిగి పోయి తొట్టిలో మూతి పెట్టింది.

గుటక, గుటక.

నా చెయ్యి అట్లే చాచి ఉండిపోయింది. నేను ఇన్నాళ్లూ ప్రేమ అనుకున్నది దప్పిక. బస్సులో వస్తా ఉంటే మామిడితోపులు, చెరుకుతోటలు మసక మసకగా ఎనక్కి పోతా ఉండాయి. నిద్ర లేదు, మెలకువ లేదు. కొంగు ఆరిపోయింది గానీ నేను దాన్ని పట్టుకొనే కూర్చున్నాను.

ఇంటికొచ్చి చెప్తే అత్త అంతెత్తున లేచింది. నేను నోరు మూసుకోలా. పెరట్లో మరుగుదొడ్డి గుంతకు తెచ్చి మిగిలిన గుండ్రటి సిమెంటు ఒర ఒకటి ఏళ్ల తరబడి పడి ఉన్నింది. అందులో కోళ్లు పొదుగుతా ఉండేవి. వెన్న చేతబట్టుకొని నేతికి ఊరంతా తిరిగినట్టు, అది ఇంట్లో పెట్టుకొని మేము దాణా మూటలు మోసినాం! వేపచెట్టు కిందికి దొర్లించి, అడుగున సిమెంటు పూసినాను. పాత పందిరి గుంజలు పీకి దడి కట్టినాను. మా ఆయన్ను బతిమాలినాను: "ఇంకొక్క సంత దాకా ఆగు. అప్పటికీ పాలు పెరక్కపోతే నేనే తోలుకొని పోతా, నేనే బస్సెక్కుతా."

"ఒక్క వారమే" అన్నాడు.

తొట్టి ఆరినాక నీళ్లు నింపి నల్లావు పలుపు విప్పినాను. తాగింది. తాగతానే ఉండాది. అత్త గుంజ పట్టుకొని చూస్తా ఉండాది. మూడోనాటికి బకెట్లో నురగ పైకొచ్చింది. ఐదోనాటికి పాలు బకెట్లో పాత గీత దాటినాయి. కేంద్రంలో వెన్న ఏమీ తగ్గలా. దాణా సగం చేసినా పాలు నిలిచినాయి.

శనివారం వచ్చింది. మా ఆయన పలుపు ముట్టుకోలా. రెండు బిందెల నీళ్లు తొట్టిలో పోసి, ఆటో తీసుకొని పోయినాడు.

ఆ మధ్యాన్నం గుడ్డలుతికి, తడికొంగుతో దాని పక్కగా వచ్చినాను. నల్లావు నెమరేస్తా పడుకొని ఉండాది, తల గూడా తిప్పలా. నాకు సంతోషమూ అయింది, ఎక్కడో కలుక్కుమనిందీ. అత్త తొట్టి అంచు మీద చెయ్యి పెట్టుకొని కూర్చోనుండాది.

"ఎర్రది నా కొంగు గూడా పట్టుకునేది మే" అనింది.

"చూసినాను లే అత్తా."

"పట్టుకున్నప్పుడల్లా మూతి మీద కొట్టినాను."

అత్త ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. పోయి పక్కన కూర్చున్నాను.

"నువ్వు కొట్టినావు, నేను ముద్దు చేసినాను" అన్నాను. "నీళ్లు మాత్రం ఇద్దరమూ పెట్టలేదు."