నాసి పీసు అన్నది నేనే

పూతలపట్టు కూడలిలో బండ్ల ఏసీలు బాగుచేసే మేస్త్రి పోయిన మంగళవారం తెల్లవారుజామున గుండె ఆగి చనిపోయాడు. కబురు నాకు ఫోన్లో చెప్పింది ఆయన షెడ్డు పక్కనున్న టీ అంగడి ఆసామి. చెప్పి, అదే ఊపులో ఇంకో మాట కూడా అన్నాడు. "మంచోడే పాపం. నీకు ఆ నాసి కంప్రెసర్ అంటగట్టిందొక్కటే ఆయప్ప సేసిన తప్పు."

ఆ మాట పుట్టింది నా నోట్లోనే. అది అబద్ధం. మనిషి పోయాడు, నా అబద్ధం మొన్నటిదాకా ఆ అంగట్లో టీ తాగుతూ కూర్చునే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే అక్షరాల్లో ఉంటాయి, విషయంలో ఉండవు.

నాది పికప్పు బండి. పలమనేరు దిక్కున పురుగు పిల్లలను పెంచే చాకీ కేంద్రంలో, గుడ్డు పగిలిన పది రోజులకు పట్టుపురుగులను ట్రేలలో పెట్టి ఇస్తారు. వాటిని రైతుల ఇళ్ళకు చేర్చడం నా పని. ఎండ తగిలితే చస్తాయి. అందుకని ట్రేలు ముందు సీట్లో, ఏసీలో వస్తాయి. నా భార్య ఎప్పుడైనా వెంట వస్తే వెనక తొట్టిలో గొడుగు వేసుకుని కూర్చునేది. మేస్త్రి ఆమెను చూసినప్పుడల్లా, "ఏం వదినా, పురుగుగా పుట్టింటే ముందర కూసోనుంటివి గదా!" అనేవాడు. "పురుగులు ఈయనకు కూడు పెడతాయి మరిదీ, నేను పెట్టేది ఒట్టి సంగటే," అనేది ఆమె. ఇద్దరూ నవ్వేవాళ్ళు. నేను నవ్వేవాణ్ణి కాదు.

మేస్త్రి ఎవరి బండి ఎక్కినా చెప్పులు కింద విడిచి ఎక్కేవాడు. నా బండి దగ్గర బీడీ ముట్టించేవాడు కాదు. పొగవాసన పురుగులకు పడదని ఎక్కడో విన్నాడట. "చెడింది ఏదో అందురూ సూస్తారునా, యాల చెడిందో సూడల్ల," అనేవాడు. అదంతా నాకు చాదస్తంగా ఉండేది.

మూడేళ్ళ కిందటి ఎండాకాలం నా బండి కంప్రెసర్ కీచుమని అరిచి బిగుసుకుపోయింది. నేను అడగగానే కొత్తది తెప్పించాడు. బిగించమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"పాతది అరిగి రాలిన పొడి పైపులంతా పారుండాదినా. పైపులు కడగల్ల, ముందరున్న కండెన్సర్ మార్చల్ల. ఆనకే కొత్తది. రెండు దినాలు బండి ఈడ పెట్టు."

"రేపు పురుగులుండాయి. కంప్రెసర్ ఒకటి బిగించి పంపు, సాలు."

"అట్ల బిగిస్తే ఆ పొడి కొత్తదాన్నీ తినేస్తాది. నేను బిగించను."

"నువ్వు బిగించకపోతే సిత్తూర్లో మొగోళ్ళు లేరా?"

కొత్త కంప్రెసర్ పెట్టె చంకలో పెట్టుకుని వచ్చేశాను. చిత్తూరులో ఒకడు గంటలో బిగించి పంపాడు. పన్నెండో రోజు మిట్టమధ్యాహ్నం, పాకాల దారిలో అదీ బిగుసుకుపోయింది. గోనెపట్టాలు తడిపి అద్దాలకు కట్టాను. లాభం లేకపోయింది. నాలుగు ట్రేలలో మూడింట్లో పురుగులు వాడిపోయాయి. అవి ఒక ఒంటరి రైతమ్మవి. ఆకు పెంచి, షెడ్డు కడిగి, పురుగుల కోసం ఎదురుచూస్తూ ఉంది. ట్రే మీద కాగితం తీసి చూసి, "ఇట్లెట్ల అయిందినా?" అని అడిగింది.

తొందర నాది అని చెప్పి ఉంటే సరిపోయేది. నోరు రాలేదు. "మేస్త్రి నాసి పీసు అంటగట్టినాడు," అన్నాను. అదే మాట టీ అంగట్లోనూ అన్నాను, షెడ్డుకి వినబడేటట్టు. ఆ నెల నుంచి ఇద్దరు వ్యాన్లవాళ్ళు ఆయన దగ్గరికి రావడం మానేశారు.

చిత్తూరువాడు చేతులెత్తేశాడు. సిగ్గు చంపుకుని మేస్త్రి దగ్గరికే పోయాను. కోపం చూపిస్తాడనుకున్నాను. "బానెట్ తియ్ నా," అన్నాడు, అంతే. పైపులో కడిగే మందు పోసి, గాలి కొట్టి, రెండో కొస దగ్గర తెల్లగుడ్డ పట్టాడు. గుడ్డ నిండా నల్లటి మడ్డి, అందులో మెరిసే పొడి.

"సూసినావా?"

"సూసినా."

ఆ గుడ్డ పట్టుకుని నాలుగడుగులు వేస్తే టీ అంగడి. అందరూ అక్కడే ఉన్నారు. ఆయన దాన్ని ఉండచుట్టి చెత్త డబ్బాలో పడేసి, ఇంకో గుడ్డ తీసుకున్నాడు. మచ్చ పడని గుడ్డ వచ్చేదాకా కడిగాడు. ఆ తర్వాతే కండెన్సర్ మార్చి, ఇంకో కొత్త కంప్రెసర్ తెప్పించి బిగించాడు.

మొదటి ట్రిప్పుకు నాతో కూడా వచ్చాడు, చల్లదనం ఎండలో నిలుస్తుందో లేదో చూడాలని. పురుగులు మళ్ళీ ఆ రైతమ్మకే. ఆమె ఆయన్ను చూసి ఊరుకోలేదు.

"నువ్వేనా ఆ మేస్త్రివి? ఒంటి ఆడదాని నోట్లో మన్ను కొడ్తివే, నీకేం సేసినానప్పా?"

ఆయన ఒక్కసారి నా దిక్కు చూశాడు. నేను మల్బరీ తోట దిక్కు చూశాను. "ఈ తూరి సల్లగా తెచ్చినామమ్మా, సూడు," అని ట్రే మీద కాగితం ఎత్తాడు. తిరుగుదారిలో, "పురుగులు బాగుండాయినా, తలకాయలెత్తి సూస్తాండాయి," అన్నాడు.

ఈ రోజుకీ నా బండిలో తిరుగుతున్నది ఆయన బిగించిన ఆ కంప్రెసరే. అప్పటినుంచి ఒక్క ట్రేలోనూ పురుగులు వాడిపోలేదు. నా కూడు నాకు నిలిచింది. నిజం చెబుదామని ఎన్నోసార్లు టీ అంగడికి పోయాను. పోయిన ప్రతిసారీ టీ తాగి వచ్చాను.

మొన్న చెప్పాను. అంగట్లో అందరి ముందూ నిలబడి, "నాసి పీసు అనేది అబద్ధం. ఆయప్ప వొద్దన్న పని నేను సేయించినా. తప్పు నాది," అన్నాను. ఆసామి గ్లాసు కడగడం ఆపాడు.

"ఇన్నాళ్ళూ ఏం సేస్తాంటివి?"

"నీ టీ తాగుతాంటి."

ఎవరూ నవ్వలేదు. అక్కడినుంచి రైతమ్మ ఇంటికి పోయాను. ఆకు కోస్తూ ఉంది. అంతా విని, కొడవలి కింద పెట్టింది.

"ఆయప్పను నేను అన్ని మాటలంటినే. నువ్వు ఆడే నిలబడుంటివి గదా."

"ఉంటి."

"థూ," అంది. నాకు తగిన మాటే. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆయప్ప ఇల్లు యాడ? నన్ను పిల్చుకోని పో," అంది.

ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాను. బయట ఎండ మండిపోతూ ఉంది. ఏసీ వేశాను. ఆమె చల్లగాలి వచ్చే చోట అరచెయ్యి అడ్డం పెట్టింది. పూతలపట్టు వచ్చేదాకా, వేళ్ళు కొంకర్లు పోతున్నా, ఆ చెయ్యి తీయలేదు.